వాంతుల మాత్ర, పండుగప్ప మందు, గుడ్డు వదలని శీలావతి

జులై మూడో వారం. పొద్దున ఆరు కూడా కాకముందే ఫోన్. బుచ్చిరెడ్డిపాళెం అవతల, కనిగిరి రిజర్వాయరు కాలవ కింద చేపపిల్లల హేచరీ నడిపే అన్న.

"సారూ, రెండో తూరి గూడా గుడ్డు ఇడవలా. పొట్టలు జూస్తే పగిలేటట్టుండాయి. ఏం జేయమంటావు?"

"ఏ మందు పొడిచావన్నా?"

కాసేపు మాట లేదు. "వస్తివా, చెప్తా" అన్నాడు. ఫోన్లో చెప్పడానికి మొహమాటపడే మందంటే ఏదో ప్రయోగం జరిగిందన్నమాట. బండి తీశాను.

నేను ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివి, పద్నాలుగేళ్లుగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో హేచరీలకు సలహాలిస్తూ తిరుగుతున్నాను. గుడ్డు వదలడం లేదని వచ్చే ఫోన్లలో సగానికి పైగా తల్లి చేపల మేత దగ్గరో, నీటి వేడి దగ్గరో తేలిపోతాయి. ఈ కేసు అక్కడ తేలలేదు. ఒక చేపకు కుదిరిన లెక్కను ఇంకో చేప మీద వేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఎందుకు కుదరలేదో చెప్పాలంటే మెదడులో డోపమైన్ అనే రసాయనం ఇచ్చే కబురు మోసే జన్యువులు చేపల నుంచి మనుషుల దాకా ఎట్లా వచ్చాయో చూడాల్సి వచ్చింది. అందుకే వివరంగా రాసి పెడుతున్నాను.

హేచరీలో జరిగింది

హేచరీ చిన్నదే. చైనా పద్ధతిలో కట్టిన గుండ్రటి బ్రీడింగ్ పూల్ ఒకటి, గుడ్లు పొదిగే తొట్లు మూడు, తల్లి చేపల చెరువులు రెండు. ఎక్కువ భాగం శీలావతి, అంటే రోహు. తర్వాత కట్ల. ఒక మూల బంగారు తీగ, అంటే కామన్ కార్ప్. ఏటా మార్కెట్లో దొరికే రెడీమేడ్ సీసా వాడేవాడు. ఓవాప్రిమ్ పేరుతో మొదట ప్రచారంలోకి వచ్చిన రకం అది. మి.లీ.కు 20 మైక్రోగ్రాముల సాల్మన్ రకం హార్మోను నకలు, 10 మిల్లీగ్రాముల డాంపెరిడోన్. ఒక్క పోటు, అంతే. పొద్దుటికి గుడ్డు.

ఈ ఏడు ఖర్చు తగ్గించుకుందామనుకున్నాడు. ఆయన బామ్మర్ది తమిళనాడు తీరంలో ఒక పండుగప్ప హేచరీలో పనిచేస్తాడు. అక్కడ ఎల్‌హెచ్‌ఆర్‌హెచ్-ఎ అనే హార్మోను నకలు ఒక్కటే ఇస్తారు, పక్కన ఏమీ కలపరు. పండుగప్ప చక్కగా గుడ్డు పెడుతుంది. బామ్మర్ది రెండు ఆంప్యూళ్లు ఐసు డబ్బాలో పెట్టి పంపాడు. దీనికి తోడు, ఇంట్లో ఆవు ఎదకు రాకపోతే పశువుల డాక్టరు వేసే బుసెరెలిన్ కూడా ఇదే కుటుంబం మందని ఎవరో చెప్పారు. ఆ మాట నిజమే. "ఆవుకు పనిజేస్తాది, పండుగప్పకు పనిజేస్తాది, శీలావతికి మాత్రం ఏం రోగం?" అన్నది ఆయన వాదన. వాదనలో తప్పు పట్టడం అనుకున్నంత తేలిక కాదు.

మొదటి తూరి పది ఆడ చేపలకు కిలోకు 40 మైక్రోగ్రాముల లెక్కన హార్మోను ఒక్కటే ఇచ్చాడు. పద్నాలుగు గంటలు చూశాడు. మగ చేపల పొట్ట నొక్కితే పాలు, అంటే వీర్యం, కారుతున్నాయి. ఆడ చేపలు మాత్రం పూల్‌లో ఊరికే తిరిగాయి.

అప్పుడు రెడీమేడ్ సీసా మీద రాసింది మళ్లీ చదివి, అందులో రెండో సరుకు వాంతుల మందని తెలుసుకున్నాడు. మెడికల్ షాపు నుంచి 10 మిల్లీగ్రాముల మాత్రలు తెచ్చి, రోట్లో నూరి, సెలైన్‌లో కలిపి, హార్మోనుతో పాటు ఇంకో ఎనిమిది చేపలకు పొడిచాడు. డాంపెరిడోన్ నీళ్లలో సరిగా కరగదు. మాత్రలో ఉండే పిండి అసలే కరగదు. సిరంజి అడుగున సుద్దలా పేరుకుంది, రెండుసార్లు సూది మూసుకుపోయింది. ఎనిమిదింటిలో రెండు కొద్దిగా గుడ్డు రాల్చాయి. అది కూడా తెల్లారేసరికి తెల్లబడి చచ్చింది. పొడిచిన చోట నాలుగు చేపలకు పుండ్లు లేచాయి.

నేను పోయేసరికి వాళ్లమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. "నాకు కడుపులో తిప్పితే ఏసుకునే మాత్రలయ్యా అయి. నూరి చేపలకు పొడిచినాడు, అడుగు వాణ్ణి" అంది. ఆమెకు కోపం కంటే నవ్వే ఎక్కువగా ఉంది.

నేను చూసింది

నీటి వేడి 29 డిగ్రీలు. నీరు బాగానే ఉంది. తల్లి చేపలకు చెనిక్కాయ చెక్క, తవుడు సరిగా పడినట్టు ఒంటి తీరు చెబుతోంది. ఇంజెక్షన్ వేయని చేపలను రెండింటిని పట్టించి, సన్నటి గొట్టంతో నాలుగైదు గుడ్లు లాగాను. వాటిని ఆల్కహాలు, ఫార్మలిన్, అసిటిక్ ఆమ్లం 6:3:1 పాళ్లలో కలిపిన ద్రవంలో వేసి అయిదు నిమిషాలు ఆగితే గుడ్డు పారదర్శకంగా మారుతుంది, లోపలి కేంద్రకం కనిపిస్తుంది. కేంద్రకం నడిమధ్యలో ఉంటే గుడ్డు పచ్చిది. అంచుకు జరిగి ఉంటే పక్వానికొచ్చినట్టు. వీటిలో ఎక్కువ అంచుకు జరిగే ఉన్నాయి. చేపల వైపు నుంచి లోటు లేదు.

నా నోటు పుస్తకంలో ఆ పూట రాసుకున్న మాట: "మందు చచ్చిందేమో." ఇదే నా మొదటి అనుమానం. ఇంత దూరం ఐసు డబ్బాలో వచ్చిన పెప్టైడు, ఇంటి ఫ్రిజ్‌లో ఆవకాయ జాడీ పక్కన పెట్టింది. పాడైపోవడానికి అవకాశం ఉంది. మగ చేపలు పాలు ఇస్తున్నాయి కదా అంటే, సీజన్‌లో మగ శీలావతికి ఏ మందూ లేకపోయినా కొద్దో గొప్పో పాలు కారతాయి. దాన్ని బట్టి తేల్చలేం.

రెండో అనుమానం డోపమైన్. హార్మోను బతికే ఉండొచ్చు, చేప మెదడు దాన్ని పనిచేయనివ్వకపోవచ్చు. ఈ రెండింటినీ విడదీయాలంటే ఒకటే దారి, విడివిడిగా పొడిచి చూడడం.

మూడు హాపాలు

సిమెంటు తొట్టిలో మూడు హాపాలు, అంటే నీళ్లలో కట్టే వల సంచులు, కట్టించాను. ఒక్కో దానిలో రెండు, రెండున్నర కిలోల మధ్య ఉన్న ఆడ శీలావతులు మూడు, మగవి మూడు. మగవాటన్నిటికీ రెడీమేడ్ మందే, కిలోకు 0.2 మి.లీ. ఆడవాటికి ఇట్లా:

మొదటి హాపా: బామ్మర్ది పంపిన హార్మోను, కిలోకు 40 మైక్రోగ్రాములు, ఒక్కటే.
రెండో హాపా: నా దగ్గరున్న శుద్ధమైన డాంపెరిడోన్, ప్రొపిలీన్ గ్లైకాల్‌లో కరిగించింది, కిలోకు 5 మిల్లీగ్రాములు, ఒక్కటే.
మూడో హాపా: రెండూ.

సాయంత్రం ఆరింటికి పొడిచాం. పైన షవర్లు వదిలాం. ఇక చేయాల్సింది కూర్చోవడమే. అన్న వాళ్లింట్లో చేపల పులుసు పెట్టారు. తొట్లో చేపలు, కంచంలో చేపలు అని నేనంటే, "ఇయి చెరువుయి కాదులే సార్, పులుసుకు కొనుక్కొచ్చినాం, తిను" అన్నాడు.

ఆ రాత్రి అరుగు మీద చెప్పుకున్న కథ

అన్న అడిగిన ప్రశ్న అదే: ఆవుకు పనిచేసింది నా చేపకెందుకు పనిచేయదు? ఆయనకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను.

1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలీకున్హి శీలావతి లాంటి మన మేజర్ కార్పులతో మొదటిసారి ఇంజెక్షన్ మీద గుడ్డు పెట్టించారు. జులై 10ని చేప రైతుల దినంగా జరుపుకునేది అందుకే. వాళ్లు వాడింది చేప తలలోంచి తీసిన పిట్యూటరీ గ్రంథి రసం. ఇప్పటికీ పాతతరం హేచరీ వాళ్లు మార్కెట్లో చేప తలలు కొని, గ్రంథులు తీసి, ముదురు రంగు సీసాలో ఆల్కహాలు పోసి దాచేవాళ్లున్నారు. ఆ రసంలో గుడ్డును వదిలించే ఎల్‌హెచ్ అనే హార్మోను నేరుగా ఉంటుంది. అది నెత్తురులో పడి తిన్నగా అండాశయానికి పోతుంది. చేప సొంత మెదడును అడగాల్సిన పని లేదు. అందుకే పిట్యూటరీ కాలంలో వాంతుల మందు ఊసే రాలేదు.

తర్వాత మెట్టు పైకి పోయారు. పిట్యూటరీకి "ఎల్‌హెచ్ వదులు" అని పైనుంచి చెప్పే చిన్న పెప్టైడు జీఎన్‌ఆర్‌హెచ్. ఎల్‌హెచ్‌ఆర్‌హెచ్ అన్నా ఇదే. పది అమైనో ఆమ్లాల గొలుసు. 1971లో పంది, గొర్రె మెదళ్ల నుంచి దాని నిర్మాణం బయటపడింది. ఆ పనికి షాలీ, గియ్యమాలకు 1977లో నోబెల్ వచ్చింది. 1983లో సాల్మన్ చేపది తేలింది. పదింటిలో రెండే తేడా, 7, 8 స్థానాల్లో. సముద్రంలో ఈదే సాల్మన్‌కూ గడ్డి మేసే గొర్రెకూ మధ్య 40 కోట్ల ఏళ్లకు పైగా దూరం ఉంది. ఆ దూరంలో మారింది రెండు అక్షరాలు. మందుల వాళ్లు చేసింది, ఆ గొలుసులో 6వ స్థానంలో ఎదురు చేతివాటం ఉన్న అమైనో ఆమ్లం పెట్టి, చివరను మార్చి, ఒంట్లోని ఎంజైములు తొందరగా తెంపకుండా చూడడం. ఆవు బుసెరెలిన్, పండుగప్ప మందు, మన సీసాలోని సాల్మన్ నకలు, మూడూ ఇట్లా బిగించిన గొలుసులే.

కాబట్టి "ఆవుకు పనిచేస్తే చేపకు చేయదా" అంటే, తాళం చెవి దూరుతుంది. (ఆవు సీసా మి.లీ.కు 4 మైక్రోగ్రాములే ఉంటుంది, శీలావతికి చాలాలంటే గ్లాసుతో పోయాలి. అది వేరే సంగతి.) కార్పు పిట్యూటరీ కూడా ఆ పెప్టైడును గుర్తుపడుతుంది. అయినా ఎల్‌హెచ్ వదలదు.

ఎందుకు వదలదో బంగారు చేపలో తేలింది. ఈ గోల్డ్ ఫిష్ మన శీలావతికి చుట్టమే, కార్పుల కుటుంబం. 1980లో కెనడాలో రిచర్డ్ పీటర్ బృందం దాని మెదడులో ముందు భాగాన ఒక చిన్న చోటును దెబ్బతీస్తే, ఏ మందూ లేకుండానే చేప గుడ్డు విడుదల చేసింది. ఒక చోటును తీసేస్తే పని ఆగాలి గాని, మొదలైందంటే ఆ చోటు చేస్తున్న పని ఆపడమే. అక్కడి నరాలు వదిలే రసాయనం డోపమైన్. తర్వాత చైనాకు చెందిన లిన్ హావోరాన్‌తో కలిసి పీటర్ ఈ సంగతిని హేచరీకి తెచ్చాడు: హార్మోను ఇవ్వు, డోపమైన్‌ను అడ్డుకునే మందు కూడా ఇవ్వు. ఇద్దరి పేర్లూ కలిపి దాన్ని లిన్‌పే పద్ధతి అంటారు.

అన్నకు తూము లెక్కన చెప్పాను. రిజర్వాయరులో నీళ్లు ఎంత ఒత్తినా తూము షట్టరు దించి ఉంటే కాలవ పారదు. నువ్వు పొడిచిన హార్మోను నీళ్ల ఒత్తిడి. డోపమైన్ షట్టరు. డాంపెరిడోన్ షట్టరు ఎత్తే మనిషి. పిట్యూటరీ రసం ఇవ్వడమంటే తూముతో పని లేకుండా బిందెలతో నీళ్లు పొలానికి మోసుకుపోవడం.

"మరి పండుగప్పకు షట్టరు లేదా?" అన్నాడు. సరిగ్గా అక్కడికే రావాలి.

షట్టరు జన్యువు

డోపమైన్‌ను అందుకునే రిసెప్టర్లలో రెండు పెద్ద కుటుంబాలున్నాయి, డి1 తరహా, డి2 తరహా. ఒకటి కణంలో పని పెంచే వైపు, ఒకటి తగ్గించే వైపు. పేర్లు చూసి అన్నదమ్ములనుకుంటాం గాని, రెండూ వేర్వేరు పూర్వికుల నుంచి వచ్చి, డోపమైన్‌ను పట్టుకోవడం విడివిడిగా నేర్చుకున్నాయి. గోల్డ్ ఫిష్ పిట్యూటరీలో ఈ రెండూ ఉన్నాయి. అదే డోపమైన్ డి2 ద్వారా ఎల్‌హెచ్‌ను ఆపుతుంది, డి1 ద్వారా పెరుగుదల హార్మోనును వదిలిస్తుంది. ఒకే కబురు, వినేవాణ్ణి బట్టి అర్థం.

వెన్నెముక జీవుల తొలి రోజుల్లో మొత్తం జన్యు సంపుటి రెండుసార్లు రెట్టింపైంది. ఈ ఆలోచనను సుసుము ఓనో 1970లోనే ముందుకు తెచ్చాడు. అట్లా ఒక్కో రిసెప్టరుకు నకళ్లు ఏర్పడ్డాయి. ముళ్ల చేపల శాఖలో, సుమారు 32 కోట్ల ఏళ్ల కిందట, ఇంకోసారి రెట్టింపు. మిగిలిన నకళ్లను ఒక్కో శాఖ తనకు తోచినట్టు ఉంచుకుంది, పారేసింది. క్షీరదాలకు మిగిలినవి అయిదు: డి1 తరహావి రెండు, డి2 తరహావి మూడు. ప్రయోగశాలల్లో పెంచే జీబ్రా ఫిష్‌కు పదికి పైగా ఉన్నాయి, ఒక్క డి2వే మూడు. డి1 తరహాలో మనం పోగొట్టుకున్న ఒక రకం కోడికి ఇంకా ఉంది. డోపమైన్ తయారీలో కీలకమైన టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ కూడా చేపల్లో రెండు జన్యువులు, మనలో ఒకటే. బంగారు తీగ అయితే ఈ మధ్యనే, అంటే కోటి ఏళ్ల ప్రాంతంలో, ఇంకోసారి రెట్టింపైంది. శీలావతికి 50 క్రోమోజోములు, బంగారు తీగకు 100.

ఇన్ని రెట్టింపులు, ఇన్ని పోగొట్టుకోవడాలు జరిగినా డి2లో డోపమైన్ కూర్చునే గుంట మాత్రం మారలేదు. మనిషి డి2 443 అమైనో ఆమ్లాల ప్రోటీను. అందులో 114వ చోటున ఉన్న ఆస్పార్టిక్ ఆమ్లం డోపమైన్ తోకను పట్టుకుంటుంది, అయిదో మెలికలో ఉన్న సెరీన్లు అవతలి కొసను పట్టుకుంటాయి. చేపల డి2లోనూ ఆ చోట్లలో అవే ఉంటాయి. డాంపెరిడోన్ పోయి కూర్చునేది ఆ గుంటలోనే. మనిషి వాంతుల కోసం తయారైన మందు శీలావతిలో పనిచేయడానికి కారణం అది. ఎవరూ చేప కోసం దాన్ని తయారు చేయలేదు.

లెక్క చూడండి. రెడీమేడ్ మందు కిలోకు 0.4 మి.లీ. ఇస్తే డాంపెరిడోన్ కిలోకు 4 మిల్లీగ్రాములు. రెండున్నర కిలోల శీలావతికి పడేది సరిగ్గా 10 మిల్లీగ్రాములు, వాళ్లమ్మ వేసుకునే మాత్ర ఒకటి. అరవై కిలోల మనిషికి చాలేది రెండున్నర కిలోల చేపకు. ఈ సంగతి చెబితే ఆమె "అందుకే నా డబ్బా ఖాళీ" అంది.

డాంపెరిడోన్‌కు ఇంకో సౌకర్యం ఉంది. అది మెదడు గోడ దాటి లోపలికి పెద్దగా పోదు. మనిషిలో వాంతి పుట్టించే కేంద్రం ఆ గోడ బయట ఉంది కాబట్టి అక్కడ పనిచేస్తుంది. పిట్యూటరీ కూడా గోడ బయటే. అందుకే కొందరు బాలింతల్లో ఈ మాత్రకు పాలు పెరుగుతాయి. పాలిచ్చే ప్రొలాక్టిన్ హార్మోనును డి2 ద్వారా డోపమైన్ ఆపి ఉంచుతుంది, మాత్ర ఆ ఆపును తీసేస్తుంది. అదే ప్రొలాక్టిన్ మంచినీటి చేపలో ఒంట్లో ఉప్పు నిలపడానికి పనికొస్తుంది. కిల్లీఫిష్ పిట్యూటరీ తీసేస్తే మంచినీళ్లలో చచ్చిపోతుందని, ప్రొలాక్టిన్ ఇస్తే బతుకుతుందని 1959లో గ్రేస్ పిక్‌ఫోర్డ్ చూపించింది. రిసెప్టరు అదే, హార్మోను అదే, దాన్ని పెట్టుకున్న పని వేరు.

పండుగప్ప ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. దానికి డి2 జన్యువు లేక కాదు. వెన్నెముక జీవుల్లో ఈ జన్యువు అంతటా ఉంది. తేడా వైరింగులో. మనలో మెదడు నుంచి పిట్యూటరీకి కబురు ప్రత్యేకమైన నెత్తురు గొట్టాల ద్వారా పోతుంది. ముళ్ల చేపల్లో నరాల తీగలే నేరుగా పిట్యూటరీలోకి దిగుతాయి. కార్పుల్లో, క్యాట్‌ఫిష్‌లో, ఈల్‌లో డోపమైన్ తీగలు ఎల్‌హెచ్ కణాల మీద గట్టిగా కూర్చున్నాయి. క్రోకర్, సీబ్రీమ్ లాంటి చాలా సముద్రపు చేపల్లో ఆ పట్టు లేదు, లేదా బాగా తక్కువ. పండుగప్ప కూడా హార్మోను ఒక్కదానికే లొంగుతుంది. ఈ షట్టరు ముందు అన్ని ముళ్ల చేపల్లోనూ ఉండి, కొన్ని శాఖల్లో తర్వాత సడలిందని వాదించేవాళ్లున్నారు. నాకు ఆ వాదన నచ్చుతుంది. వానాకాలం ఏట్లోకి కొత్త నీరు వచ్చేదాకా గుడ్డు పట్టి ఉంచాల్సిన చేపకు షట్టరు అవసరం.

తెల్లవారుజాము

రెండు గంటలకు టార్చి వేసి చూశాం. ఏమీ లేదు. మూడున్నరకు మూడో హాపాలో నీళ్లు కొట్టుకోవడం మొదలైంది. మగ చేపలు ఆడవాటి పొట్టను పొడుస్తూ చుట్టూ తిరుగుతున్నాయి. అయిదు లోపల మూడు ఆడ చేపలూ గుడ్డు వదిలేశాయి. హాపా అడుగున సగ్గుబియ్యంలా ఉబ్బిన గుడ్లు.

మొదటి హాపాలో మూడూ అట్లాగే ఉన్నాయి. పొట్ట కొంచెం మెత్తబడింది, అంతకు మించి ఏమీ లేదు. రెండో హాపాలో ఒక చేప పొట్ట నొక్కితే గుప్పెడు కంటే తక్కువ గుడ్లు వచ్చాయి, మిగిలిన రెండూ రాలేదు.

అంటే బామ్మర్ది మందు బతికే ఉంది. నా మొదటి అనుమానం తప్పు. మూడో హాపాలో పనిచేసింది ఆ ఆంప్యూలే. తొమ్మిది చేపలతో పెద్ద మాట చెప్పకూడదని నాకు తెలుసు. కానీ ఈ తొమ్మిదీ చెప్పింది నలభై ఏళ్లుగా తెలిసిన సంగతికి తేడాగా లేదు కాబట్టి, మిగిలిన తల్లి చేపలకు రెండూ కలిపి ఇవ్వమని ధైర్యంగా చెప్పాను. అయితే మాత్రలు నూరి కాదు.

మూడో హాపా గుడ్లు గాజు పళ్లెంలో వంద లెక్కపెడితే 81లో పిండం కనిపించింది. పదహారు గంటలకు పిల్ల బయటికొచ్చింది. శీలావతి ఏపాటి గుడ్డు పెడుతుందో తెలిసినవాళ్లకు మూడు చేపల లెక్క చెప్పక్కర్లేదు, ఒక తొట్టి నిండింది.

కుదరనివి

మొదటి హాపాలోని మూడు చేపలను చెరువులోకి వదలకుండా రెండు రోజులు ఆపి, రెడీమేడ్ మందు ఇచ్చాం. ఒకటి వదిలింది. ఒకటి వదల్లేదు. మూడోది గుడ్డు అడ్డుపడి మూడో రోజు చచ్చింది. దీనికి నాదే బాధ్యత. రెండుసార్లు ఒత్తిడి పెట్టకుండా ఉండాల్సింది. పుండ్లు లేచిన నాలుగింటిలో మూడు కోలుకున్నాయి.

ఇంకో చిక్కు అన్నే లేపాడు. "అట్టయితే బంగారు తీగకు షట్టరు లేదా? అది ఏ మందూ లేకుండా నాచు ఏస్తే గుడ్డు పెడతాది గదా." ఉంది. కార్పుల కుటుంబంలో ఆ షట్టరు మొదట కనిపించిందే బంగారు తీగకు దగ్గరి చుట్టమైన గోల్డ్ ఫిష్‌లో. బంగారు తీగకు నాచు, కొత్త నీరు, సరైన వేడి దొరికితే మెదడే షట్టరు ఎత్తుకుంటుంది. శీలావతికి మట్టి చెరువులో ఆ సంజ్ఞ దొరకదు, పారే ఏరు కావాలి. జన్యువులు చూసి ఈ తేడా ముందే చెప్పగలిగేవాణ్ణా అంటే చెప్పలేను. క్రోమోజోములు రెట్టింపైన చేపకు తాళం తేలికగా రావడంలో ఆ రెట్టింపు పాత్ర ఉందని ఎవరైనా అంటే నేను నమ్మను.

జన్యువు లేకపోతే పని ఆగిపోతుందన్న నమ్మకం కూడా ఈ రంగంలో నిలవదు. వాడిన డోపమైన్‌ను వెనక్కి లాక్కునే రవాణా జన్యువు పక్షుల్లో లేదు, నారడ్రినలిన్ వాహకం ఆ పని చూసుకుంటుంది. యవ్వనానికి తెర తీసే కిస్‌పెప్టిన్ మనకు లేకుండా కుదరదు, అది కూడా కోడికి లేదు. అరుగు కింద తిరిగే నాటుకోడి రోజు మార్చి రోజు గుడ్డు పెడుతూనే ఉంది. జీబ్రా ఫిష్‌లో రెండు కిస్‌పెప్టిన్ జన్యువులనూ తీసేసినా పిల్లలు పుట్టాయి.

పక్క ఊరి రొయ్యల రైతు ఒకాయన ఆ పొద్దున పిల్ల చూడడానికి వచ్చి, "మా వెనామీకి గూడా ఈ సీసా పనిజేస్తాదా?" అని అడిగాడు. రొయ్యకు పిట్యూటరీ లేదు. దాని గుడ్డును ఆపి ఉంచే హార్మోను కంటి కాడలో ఉంటుంది, అది వెన్నెముక జీవుల్లో లేని కుటుంబం. హేచరీల్లో కన్ను కాడ తీసేది అందుకే. ఆపేది తీసేస్తే గుడ్డు వస్తుందన్న తర్కం ఒక్కటే రెండు చోట్లా ఉంది, మందు మాత్రం ఒకటి కాదు. ఆయన సీసా తిరగేసి చూసి పెట్టేశాడు.

అన్నకు చివరికి రాసిచ్చింది ఇది: శీలావతి, కట్లలకు రెడీమేడ్ మందే వాడు. ఆంప్యూళ్లే వాడాలనుకుంటే శుద్ధమైన డాంపెరిడోన్ ప్రొపిలీన్ గ్లైకాల్‌లో కరిగించింది కలుపు, మాత్రలు నూరొద్దు. ఖర్చు లెక్క వేస్తే ఆదా చాలా తక్కువ తేలింది. వచ్చే ఏడు కొర్రమీను మొదలుపెడతానన్నాడు. దానికి లెక్క మళ్లీ కొత్తగా చూడాలని చెప్పాను.

వారం తర్వాత బామ్మర్ది ఫోన్ చేశాడు. "సార్, మా పండుగప్పకు గూడా డాంపెరిడోన్ కలిపితే గుడ్డు ఇంకా ఎక్కువ వస్తాదా?" వస్తుందని నేననుకోవడం లేదు. "మూడు హాపాలు కట్టి చూడండి" అన్నాను. "మా తల్లి చేపలు ఒక్కోటి అయిదారు కిలోలు సార్, హాపాలు చించేస్తాయి" అన్నాడు. తొట్టి మధ్యలో కొయ్యలు పాతి వల కట్టమని చెప్పాను. కట్టాడో లేదో ఇంకా ఫోన్ రాలేదు.